ముడుల లెక్క

భివండీ
12 జూన్ 1983

అక్కా,

తిట్టేది తర్వాత తిట్టు. ముందు ఒక్కటి చెప్పు. పోయిన వారం నాకు ఉత్తరం రాసింది నువ్వేనా?

నీలం ఇన్‌లాండు, వరంగల్ ముద్ర. అమ్మకు పక్షవాతం వచ్చి దవాఖానలో పడి ఉందని, నా పేరే కలవరిస్తోందని, మంగళవారం బండికి వరంగల్ స్టేషన్‌లో దిగితే బావ సైకిలు మీద వచ్చి తీసుకుపోతాడని రాసి ఉంది.  చదవగానే నడుస్తున్న మగ్గం ఆపేసి, గదిలో నాతో ఉండే వెంకట్రాజం చొక్కా చేతికి దొరికితే అదే తొడుక్కుని కళ్యాణ్ స్టేషన్ దాకా పోయాను.

బండి కోసం కూర్చుని మళ్ళీ చదివాను. 'చిరంజీవి మొగిలిని అక్క ఆశీర్వదించి వ్రాయునది' అని మొదలయింది. నేను పుట్టినప్పటి నుంచి నువ్వు నాకు మొట్టికాయలు వేశావు గాని ఆశీర్వదించిన జ్ఞాపకం లేదు. చివరి మడత చూస్తే ఖాళీగా ఉంది. మనింటి నుంచి ఖాళీ మడతతో ఉత్తరం ఎప్పుడొచ్చింది? తన మాట ఒకటి రాయించకుండా అమ్మ జిగురు అంటించనిస్తుందా? దవాఖానలో ఉన్న మనిషి ఏం రాయిస్తుందిలే అని ఒక మనసు, పోవద్దని ఒక మనసు. బండి వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

ఆ ఉత్తరం నీదే అయితే నేను కొడుకునే కాదు. నీది కాకపోతే, స్టేషన్‌లో సైకిలుతో నిలబడింది బావ కాదు. ఏ సంగతీ వెంటనే రాయి. నాకు అన్నం దిగడం లేదు.

మొగిలి


కొత్తవాడ
18 జూన్ 1983

ఒరే మొగిలీ,

అమ్మకు పక్షవాతమూ లేదు, పాడూ లేదు. నీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే సగంలోనే లేచి వాకిట్లోకి పోయి, "నాకు పక్షవాతం తెచ్చినోని నోరు పడిపోను" అని మొదలుపెట్టింది. వాడకట్టంతా జమైంది. ఇంత గొంతున్న మనిషికి రోగమని ఎట్లా నమ్మావురా?

ఆ ఉత్తరం నాది కాదు. ఎవరిదో నేను చెప్పాలా? గోదాంకు బయటి నుంచి తాళం వేసి ఉందని చెప్పేవాడివి నువ్వొక్కడివే మిగిలావు. గోదాంలో నూలుకు నిప్పు అంటుకున్న రోజు లోపల పనిచేసి బతికి బయటపడ్డ వాళ్ళంతా ఇప్పుడు మాట మార్చారు. "తలుపు తెరిచే ఉండె, పోశయ్యే తాగి పండిండు" అంటున్నారు. లోపలే చచ్చిపోయిన పోశయ్య జన్మలో కల్లు కూడా ముట్టలేదని వాళ్ళకూ తెలుసు. నువ్వు కోర్టులో నిలబడి తాళం సంగతి చెప్పకపోతే గోదాం సేటు రాజేశ్వర్ రావు తెల్లచొక్కా నలగకుండా బయటికి వస్తాడు. భివండీలో అంతమంది మనవాళ్ళ మధ్య నిన్ను ముట్టలేడు. నీ గది ఎక్కడో కూడా తెలియదు, నువ్వు అన్నం తినే, ఉత్తరాలు వచ్చే ఖానావళి అడ్రసు ఒక్కటే తెలుసు. అందుకే నిన్ను బయటికి గుంజాలని చూస్తున్నాడు.

సర్కారు వకీలు మల్లికార్జున్ గారి దగ్గరికి పోయి ఈ సంగతి చెప్పాను. ఆయన నా మొహం చూసి, "కోర్టుల పేషీ తారీఖు పడేదాక పిలగాన్ని రానియ్యకమ్మా. పడినంక మాత్రం ఆపకు" అన్నాడు. సరే అన్నాను.

ఇక మన ఉత్తరాలకు ఒక గుర్తు ఉండాలి. తన వేలిముద్ర వేసి పంపమంటోంది అమ్మ. అంతకంటే నాకు ఇదే బాగుందనిపించింది. మడత లోపల చూడు, నా మగ్గం మీది ఎర్రదారం ముక్క మెతుకుతో అంటించాను. ఇది ఉంటే నేను, లేకపోతే దొంగ. నువ్వూ అట్లాగే పంపు.

వేళకు తిను. చిక్కిపోయి వచ్చి నా పేరు చెడగొట్టకు.

చిలుకమ్మ

మడత మీద అమ్మ మాట: "ఆ చొక్కా వెంకట్రాజంకు ఉతికియ్యి. పరాయోని బట్ట మన మీద ఎన్ని దినాలుంటది?"


భివండీ
9 జులై 1983

అక్కా,

ఎర్రదారం పని అయిపోయింది. ఇంక పెట్టకు.

నిన్న ఖానావళికి ఇంకో ఇన్‌లాండు వచ్చింది. విప్పితే లోపల ఎర్రదారం, అచ్చం నువ్వు అంటించినట్టే. ఈసారి ఆశీర్వాదాలు కూడా మానేసి 'ఒరే మొగిలీ' అనే మొదలుపెట్టాడు. కేసు రాజీ అయిపోయిందట, ఇంక ఇంటికి వచ్చేయాలట. మడత మీద అమ్మ మాట కూడా ఉంది, 'ఆరోగ్యము జాగ్రత్త నాయనా' అని. అమ్మ ఎప్పుడైనా అంత మర్యాదగా మాట్లాడిందా? అయినా దారం చూశాక నాకు ఇంకేమీ కనపడలేదు అక్కా. సంచి సర్దుకున్నాను. వెంకట్రాజం నూలు బేరం మీద నెలనెలా అటూ ఇటూ తిరుగుతాడు కదా, నా అదృష్టం కొద్దీ ఆ సాయంత్రమే ఊరి నుంచి దిగాడు. "ఏం రాజీ? మీ అక్క మొన్ననే వకీలు తానకు పోయొచ్చింది గద" అన్నాడు.

మన ఉత్తరాలు వచ్చేవీ పోయేవీ అక్కడ నేతసంఘం దుకాణం బెంచీ మీద పడి ఉంటాయి. ఎవడు విప్పి చూసి మళ్ళీ అంటించినా అడిగేవాడు లేడు. ఇక నుంచి నువ్వే పోయి పోస్టు డబ్బాలో వెయ్యి. కానీ అదొక్కటే చాలదు. దారానికి ఉత్తరంలో ఏముందో తెలియదు. నిజానికైనా అంటుకుంటుంది, అబద్ధానికైనా అంటుకుంటుంది. అదీ దానిలో ఉన్న లోపం.

కాబట్టి రాసిన మాటకూ దారానికీ లంకె పడాలి. ఉత్తరం రాయడం అయిపోయాక, అమ్మ మడత మాటతో సహా, ఎన్ని వరుసలు వచ్చాయో లెక్కపెట్టు. దానికి మన ఇద్దరికే తెలిసిన ఒక అంకె కలుపు. దారానికి అన్ని ముడులు వేసి లోపల అంటించు. ఎవడైనా ఒక వరుస కలిపినా, తీసినా, నాకు తెలిసిపోతుంది. ఆ అంకె ఏమిటో కాగితం మీద రాయను. వెంకట్రాజం వచ్చినప్పుడు నీకు ఒక మాట చెబుతాడు. ఆ మాట వాడికి అర్థం కాదు, నీకవుతుంది.

ఇప్పుడు చెప్పేది గట్టిగా గుర్తు పెట్టుకో. ముడులు ఒక్కటే చెల్లుతాయి. ఉత్త దారం చెల్లదు, ముద్దుపేర్లు చెల్లవు, అమ్మ వేలిముద్ర చెల్లదు, నీ చేతిరాత కూడా చెల్లదు. నువ్వే ఏడ్చుకుంటూ రాసినా సరే, ముడులు తప్పితే నేను నమ్మను. నమ్మడానికి రెండు దారులు పెట్టుకుంటే వాళ్ళు సులువైన దారిలోనే వస్తారు. ఒకటే ఉంచుదాం.

మొగిలి


కొత్తవాడ
20 ఆగస్టు 1983

ముడుల మొనగాడికి,

వెంకట్రాజం వచ్చి నీ మాట చెప్పాడు. వాడి మొహం చూడాలి నువ్వు. "గిదేం సంగతక్కా, పిచ్చి గిట్ల లేసిందా నీ తమ్మునికి?" అన్నాడు. నాకు అర్థమయింది. లోపలికి పోయి లెక్కపెట్టుకుని వచ్చాను. నీకు ఇంకా అది గుర్తుందని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు మాత్రం నీ లెక్కలో చెల్లవు కాబట్టి తుడుచుకున్నాను.

పొద్దంతా మగ్గం మీద దారాలు లెక్కపెట్టి, ఆ మీద తమ్ముడితో మాట్లాడడానికి మళ్ళీ లెక్క. మీ బావ పక్కన కూర్చుని చూసి, "ఉత్తరం రాస్తానవా, వల అల్లుతానవా?" అని నవ్వుతున్నాడు. నేర్చుకోవడానికి నిన్న ఒక కాగితం రాసి ముడులన్నీ వేశాక అమ్మ ఇంకో మాట రాయమంది. వద్దంటే అలిగింది. రాసి, మళ్ళీ ముడి వేశాను. నీ ముడుల లెక్కలు మా ఆడవాళ్ళ మధ్య ఎట్లాంటి కొట్లాటలు పెడుతున్నాయో నీకేం తెలుసు?

రెండు సంగతులున్నాయి. నేను నూలుకు పోయినప్పుడు ఎవడో ఒకడు ముసలివాళ్ళకు పింఛను ఇప్పిస్తానని ఇంటికి వచ్చి, అమ్మతో నాలుగైదు తెల్లకాయిదాల మీద వేలిముద్ర వేయించుకుపోయాడు. ఆఫీసులో అడిగితే అట్లాంటి మనిషే లేడన్నారు.  వేలిముద్ర చెల్లదని నువ్వు అన్నప్పుడు అమ్మ నొచ్చుకుంది గాని, ఇప్పుడు నీ మాటే నిజమయింది.

రెండోది, రాజేశ్వర్ రావు మీ బావను పిలిపించాడు. కొత్త గోదాంలో లెక్కలు చూసే కొలువు ఇస్తాడట. నీడపట్టున కూర్చుండేదట. బావ ఇంకా ఏమీ అనలేదు.

చిలుకమ్మ

మడత మీద అమ్మ మాట: "నా ఏలు నాకే చెల్లకుండ జేసిండు నీ కొడుకని మీ నాయిన ఫోటోకు చెప్పిన."


భివండీ
2 సెప్టెంబర్ 1983

అక్కా,

ముడులు సరిపోయాయి. వేలిముద్రల సంగతి విని ఒళ్ళు మండింది. అమ్మ ముద్రతో ఏ కార్డు వచ్చినా నేను చదవను కూడా చదవను. నువ్వు ఫికర్ పడకు.

రాయకూడని మాట ఒకటి రాస్తున్నాను. అంకె బావకు చెప్పకు. రాజేశ్వర్ రావు పిలిస్తే బావ ఎందుకు పోయాడు? పోయి వచ్చి 'ఏమీ అనలేదు' అంటే ఏమిటి అర్థం? పోశయ్యను లోపల పెట్టి తాళం వేయించిన మనిషికి అక్కడే 'నీ కొలువు వద్దు' అనలేడా? తప్పుగా అనుకోకు. నాకు ఇక్కడ ఎవరి మీదా నమ్మకం కుదరడం లేదు. ఖానావళిలో ఎవరైనా నా వైపు రెండుసార్లు చూస్తే కంచం వదిలి లేస్తున్నాను.

మొగిలి


కొత్తవాడ
25 సెప్టెంబర్ 1983

మొగిలీ,

నీ ఉత్తరం మీ బావే చదివాడు. నేను పొయ్యి ముందు ఉంటే, ఎప్పటిలాగే విప్పి గట్టిగా చదవడం మొదలుపెట్టి, ఆ మాట దగ్గర ఆగిపోయాడు. మడిచి నా చేతిలో పెట్టి, "మంచిగనే అన్నడు. నాకు చెప్పకు" అని మగ్గం గుంతలోకి దిగాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఆ రోజు నీ మీద వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు.

ఆ మర్నాడే పోయి రాజేశ్వర్ రావు మొహం మీదే కొలువు వద్దని చెప్పి వచ్చాడు. నీకు రుజువు చూపించడానికే పోయాడని నాకు తెలుసు.

పోయిన శుక్రవారం జంపఖానాలు అమ్మి సైకిలు మీద వస్తుంటే దేశాయిపేట దారిలో ఇద్దరు ఆపారు. "మీ బామ్మర్ది ఎప్పుడొస్తాండు?" అని అడిగారట. తెలియదన్నాడు. సైకిలు కింద పడేసి కుడి మణికట్టు మీద బండరాయితో కొట్టారు. దెబ్బకు ఎముక రెండు చోట్ల విరిగింది. కట్టు కట్టిన డాక్టరు చెయ్యి పనికి వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. నేసేవాడికి కుడిచెయ్యి లేకపోతే ఏం మిగులుతుంది?  ఆయన గోడ వైపు చూస్తూ కూర్చుంటున్నాడు.

అంకె ఎవరికీ చెప్పలేదు. చెప్పను. కానీ నాకు భయంగా ఉంది తమ్మీ. బావ మీద రాయి ఎత్తిన వాళ్ళు, నువ్వు దొరికితే చెయ్యితో ఆగుతారా?

చిలుకమ్మ

మడత మీద అమ్మ మాట: "అల్లునికి నా చేత్తో తినిపిస్తాన. పోశయ్య పెండ్లాం సమ్మమ్మ సుత దినాం అచ్చి కూసుంటాంది. నీ సంగతే అడుగుతది."


భివండీ
6 అక్టోబర్ 1983

అక్కా,

బావ కాళ్ళు పట్టుకున్నానని చెప్పు. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు. నా అనుమానమే ఆయనను ఆ దారిలోకి తోసింది. ఇక్కడ మరమగ్గం ముందు నిలబడితే నా కుడిచెయ్యి నాకే బరువుగా అనిపిస్తోంది.

కానీ నన్ను రావద్దని మాత్రం అనకు. ఆ రోజు నేను నూలు కోసం పోయాను. తలుపు సందుల్లోంచి పొగ వస్తోంది, బయట తాళం వేలాడుతోంది. తాళంచెవి ఉన్నవాడు గల్లాపెట్టె దగ్గరే నిలబడి, "సేటు రానీ, సేటు రానీ" అంటున్నాడు. నేను రాయి తీసుకుని కొట్టాను. తలుపు కింద సందులోంచి పోశయ్య వేళ్ళు బయటికి వచ్చాయి. నేలను గీకుతున్నాయి. తాళం ఊడేసరికి ఆగిపోయాయి. మిగిలినవాళ్ళు నన్ను తోసుకుంటూ బయటపడ్డారు, వాళ్ళే ఇప్పుడు తలుపు తెరిచి ఉందంటున్నారు. వాళ్ళకు ఆ వేళ్ళు కనపడలేదు అక్కా. నాకు కనపడ్డాయి.

ఇది చెప్పకుండా నేను ఎట్లా బతకాలి? సమ్మమ్మ మొహం ఎట్లా చూడాలి? తారీఖు పడగానే రాయి. కాజీపేటలో దిగుతాను, వెంకట్రాజం వెంట ఉంటాడు, కోర్టులోకి పోయి చెప్పేది చెప్పి బయటపడతాను. ఆ తర్వాత ఏమయినా నాకు సమ్మతమే. నీ ముడుల కోసం చూస్తుంటాను.

మొగిలి


కొత్తవాడ
21 నవంబర్ 1983

మొగిలీ,

పేషీ సంగతి. డిసెంబర్‌లో పడుతుందని అనుకున్నారు గాని, పడలేదు. ఉగాది దాటాకనే అని వకీలు గారు చెప్పారు. అప్పటిదాకా నువ్వు అక్కడి నుంచి కదలకు. ఎవరు ఏం రాసినా కదలకు.

బావ కట్టు విప్పారు. రెండు వేళ్ళు ముడుచుకోవడం లేదు.

అమ్మ సమ్మమ్మ ఇంటికి పోయింది, వచ్చేసరికి పొద్దుపోతుంది. అందుకే మడత ఖాళీగా పంపుతున్నాను. ముడులు జాగ్రత్తగా వేశాను, మళ్ళీ చూసుకున్నాను. నువ్వూ లెక్కపెట్టుకో.

అక్క


భివండీ
4 డిసెంబర్ 1983

అక్కా,

నీ ముడులు నన్ను కాపాడాయి! చదివి నవ్వుకో.

నిన్న ఒక కార్డు వచ్చింది. ముడులు లేవు, దారం లేదు. ఎవరో ముక్కూమొహం తెలియని చేతిరాత. కింద ఇంత పెద్ద వేలిముద్ర. ఏం రాశారో చూడు, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: 'పన్నెండో తారీఖు సోమవారం పేషీ. రా బిడ్డా. నీ అక్క భయపడ్తాంది. నువ్వు భయపడకు.'

ఎంత తెలివి మీరారో చూశావా? మొదటిసారి పక్షవాతం, రెండోసారి రాజీ. ఇప్పుడు ఏకంగా నీ మీదే నాకు అనుమానం పుట్టించాలని చూస్తున్నారు. పింఛను పేరు చెప్పి తీసుకుపోయిన ముద్రల్లో ఇదొకటి అని చూడగానే తెలిసిపోయింది. వెంకట్రాజం మన ఊరికి పోయి ఉన్నాడు, ఇక్కడే ఉంటే వాడికి చూపించి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. మన పద్ధతి లేకపోతే నేను ఈపాటికి టికెట్టు తీసుకుని ఉండేవాడిని. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని ముడులు మళ్ళీ లెక్కపెట్టాను. సరిగ్గా ఉన్నాయి. కార్డు పొయ్యిలో పడేశాను.

ఒక్కటే మనసులో ముల్లులా ఉంది. ఆ కార్డు మాటలు మాత్రం అమ్మ మాట్లాడినట్టే ఉన్నాయి. రాసినవాడు ఎవడో గాని మన యాస బాగా పట్టుకున్నాడు.

ఉగాదికి కలుద్దాం. బావకు దండాలు.

మొగిలి


కొత్తవాడ
15 డిసెంబర్ 1983

మొగిలీ,

నీ ఉత్తరం శనివారమే అందింది. జవాబు రాయడానికి చెయ్యి ఖాళీ లేకపోయింది.

ఇక్కడ చలి బాగా ఉంది. బావ ఎడమ చేత్తో నేయడం నేర్చుకుంటున్నాడు. వంకరగా వస్తోంది గాని వస్తోంది. నేను కొత్త జంపఖానా మొదలుపెట్టాను, సగంలో రంగు తప్పు పడితే అంతా విప్పేశాను.

అమ్మ నాతో మాట్లాడడం లేదు. ఏదో మా ఇద్దరి మధ్య గొడవ, నువ్వు మనసులో పెట్టుకోకు. మడత మీద ఏం రాయమంటావని అడిగితే అటు తిరిగి పడుకుంది. అందుకే ఈసారి కూడా ఖాళీ.

నువ్వు బాగుండాలి. నాకు ఇంకేమీ వద్దు. నిన్ను చంకన వేసుకుని పెంచిన దాన్ని, ఈ ఒక్క మాట నమ్ము.

అక్క


భివండీ
24 డిసెంబర్ 1983

అక్కా,

వెంకట్రాజం వచ్చాడు. పన్నెండో తారీఖు వాడు కోర్టులోనే ఉన్నాడట.

నేను వస్తానని కాజీపేట స్టేషన్‌లో రెండు బళ్ళు చూసి, అటు నుంచి కోర్టుకు పోయాడట. అమ్మ, సమ్మమ్మ మెట్ల మీద కూర్చుని ఉన్నారట. రిక్షా ఆగిన ప్రతిసారీ అమ్మ లేచి నిలబడిందట. నా పేరు పిలిచారట. నా పేరిట వచ్చిన కోర్టు సమను తీసుకున్నట్టు నీ సంతకం ఉందని, సాక్షి ఎక్కడున్నాడని నిన్ను అడిగారట. నువ్వు లేచి, "నా తమ్ముని పత్తా నాకెర్కలేదు" అన్నావట. మల్లికార్జున్ గారు ఇంకో తారీఖు అడిగితే, దొరకని మనిషి కోసం ఎన్నాళ్ళు ఆగాలని ఇవ్వలేదట. వారం తిరక్కుండానే కేసు కొట్టేశారు, రాజేశ్వర్ రావు నిర్దోషిగా బయటికి వచ్చేశాడు. ఊరేగింపుగా కొత్తవాడ మీదుగానే పోయాడట. సమ్మమ్మ తలుపు వేసుకుందట.

ఇదంతా చెప్పి, "ఎందుకు రాలేదురా?" అన్నాడు వాడు. నీ ఉత్తరం తీసి చూపించాను. ముడులు కూడా చూపించాను. అమ్మ రాయించిన కార్డు సంగతి సమ్మమ్మ తనకు కోర్టు దగ్గర చెప్పిందన్నాడు.

ఆ కార్డు అమ్మదే. నీకు తెలియకుండా సమ్మమ్మతో పోస్టాఫీసుకు పోయి, అక్కడ ఉత్తరాలు రాసేవాడితో రాయించి, తన వేలు పెట్టింది. ఆ వేలు చెల్లదని చెప్పింది నేనే. అమ్మ నన్ను పిలిస్తే పొయ్యిలో పెట్టాను.

నీకు కోపం వచ్చేలా రాయడం లేదు. నువ్వు ఎందుకు చేశావో నాకు తెలుసు. బావ చెయ్యి చూసిన కళ్ళతో నా గురించి ఆలోచించావు. నీ చోట ఉంటే నేనూ అదే చేసేవాడినేమో. అయినా నాకు మింగుడు పడడం లేదు అక్కా. నన్ను బతికించావు, ఆ వేళ్ళను మాత్రం మళ్ళీ లోపలే పెట్టి తాళం వేసినట్టయింది.

తప్పు నాదీ ఉంది. జూన్‌లో ఖాళీ మడత చూసి కళ్యాణ్‌లో బండి ఎక్కని వాడిని, నవంబర్‌లో ఖాళీ మడత చూసి కూడా ముడులే లెక్కపెట్టుకున్నాను. ఎవరు రాశారన్నది ముడులు చెప్పాయి. రాసింది నిజమా అని నేను అడగలేదు. నువ్వు రాసింది అబద్ధం కావచ్చునని నాకు తోచనే లేదు.

మంగళవారం బండికి వస్తున్నాను. వరంగల్ స్టేషన్‌లోనే, అందరూ చూస్తుండగా దిగుతాను. ఇప్పుడు నా కోసం ఎవరూ సైకిలుతో నిలబడరు. నాతో ఎవరికి ఏం పని? ముందు సమ్మమ్మ ఇంటికి పోతాను. ఆమె తలుపు తీస్తే, ఆ తర్వాత మనింటికి వస్తాను.

నీ నవంబర్ ఉత్తరం, దాని దారం ఇందులోనే పెట్టి పంపుతున్నాను. తీరిక చేసుకుని కూర్చో. వరుసలు లెక్కపెట్టు. నాన్న చివరిగా నేసి ఇచ్చిన జంపఖానా అమ్మ కింద పరిచి ఉంటుంది కదా, దాని మీది ఎర్ర చారలు కలుపు. తర్వాత ముడులు చూడు.

ఒక్కటి కూడా తప్పు లేదు.

మొగిలి